వాహ్ అంటే రొట్టె: పలెంకే నుంచి తికాల్ దాకా ఏడు రోజులు

2019 ఫిబ్రవరిలో వెళ్ళాం, నేనూ మా అక్కా. అక్కంటే పిన్ని కూతురు. గుంటూరులో డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్పేది, ఇప్పుడు హ్యూస్టన్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. నాకు మాయా లిపి మీద, అంటే మెక్సికో, గ్వాటెమాలా అడవుల్లో పాత నగరాలు కట్టిన మాయా జాతివాళ్ళు రాతి మీద చెక్కిన రాత మీద పిచ్చి, తనకి చెట్ల మీద. ప్యాకేజీ టూర్ వాళ్ళనడిగితే కాన్‌కూన్ నుంచి బస్సులో తీసుకెళ్ళి, ఓ పిరమిడ్ దగ్గర రెండు గంటలు తిప్పి వెనక్కి తెస్తామన్నారు. అదెందుకు, మనమే వెళ్దాం అన్నాను. మా దారి ఇది: మెక్సికోలో చియాపాస్ అడవి, ఉసుమసింతా నది, నది దాటి గ్వాటెమాలా, అక్కడ తికాల్ అనే పాత మాయా నగరం. నాకు వచ్చిన స్పానిష్ బేరమాడటానికీ, దారి అడగటానికీ సరిపోతుంది, అంతే.

మొదటి రోజు

వియ్యాఎర్మోసా ఎయిర్‌పోర్టు నుంచి పలెంకేకి బస్సుంది, రెండున్నర గంటల ప్రయాణం. చెప్పుకోదగ్గది పెద్దగా ఏమీ లేదు. ఇరువైపులా పచ్చిక బయళ్ళు, ఆవులు, ఎండ. 2023 చివర్లో పలెంకే దాకా రైలు కూడా వచ్చింది, ఇప్పుడు వెళ్ళేవాళ్ళకి ఆ సౌకర్యం ఉంది. పలెంకే ఊరు ఒకచోట, పాత మాయా నగరం శిథిలాలు ఇంకోచోట, మధ్య ఎనిమిది కిలోమీటర్లు. ఊళ్ళో కాకుండా ఆ మధ్య దారిలో చెట్ల కింద ఉన్న చెక్క గదుల్లో దిగాం, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను, మీరూ అలాగే చెయ్యండి, ఎందుకంటే రాత్రంతా అడవి చప్పుడు మీ కిటికీలోంచే వినిపిస్తుంది.

తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలైంది. గుహలోంచి పులి గాండ్రించినట్టు ఒకటే శబ్దం, ఒకటి ఆగితే ఇంకొకటి. అక్క లేచి కూర్చుని నా మంచం మీద తట్టి "ఒరే, తలుపు గడియ పెట్టావా?" అంది. హౌలర్ కోతులు అవి, అక్కడి వాళ్ళు సరవాతో అంటారు. చూస్తే మన కొండముచ్చంత కూడా ఉండవు, గొంతు మాత్రం కిలోమీటర్ల దూరం పోతుంది.

రెండో రోజు: పలెంకే

ఊరి నుంచి శిథిలాల దాకా కొలెక్తీవోలు తిరుగుతుంటాయి, అంటే మన షేర్ ఆటోల్లాంటి వ్యాన్లు, రోడ్డు మీద చెయ్యెత్తితే ఆగుతాయి. టికెట్ రెండు చోట్ల కొనాలి, ముందు నేషనల్ పార్కుది, తర్వాత శిథిలాలది. మేం వెళ్ళినప్పుడు ఎనిమిదికి గేటు తీసేవాళ్ళు. గేటు తియ్యగానే లోపల ఉండండి, పది దాటాక టూరు బస్సులు దిగుతాయి.

లోపలికి అడుగు పెట్టగానే కుడివైపు వరసగా గుళ్ళు, వాటిలో పెద్దది శాసనాల గుడి. దాని ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. ఏళ్ళుగా ఫోటోల్లో చూస్తున్న మెట్లు. పకాల్ అనే రాజు సమాధి ఇది. ఆయన 603లో పుట్టాడు, పన్నెండేళ్ళకే 615లో సింహాసనం ఎక్కాడు, 683లో పోయే దాకా ఏలాడు. మన వైపు లెక్క చెప్పాలంటే, రేనాటి చోళుల కలమళ్ళ శాసనం, తెలుగులో దొరికిన మొట్టమొదటి శాసనాల్లో ఒకటి, 575 నాటిది. అంటే కడప జిల్లాలో మనవాళ్ళు తెలుగు మాటల్ని రాతి మీద చెక్కడం మొదలుపెట్టిన తరం, పకాల్ తాతల తరం, దాదాపు ఒకటే. ఈ సంగతి అక్కకి చెప్తే "అయితే వాళ్ళు ఏం రాశారో చదువు" అంది.

చదవగలిగేది కొంచెమే. కానీ ఆ కొంచెమే చెప్తాను, ఎందుకంటే తెలుగు చదివేవాళ్ళకి ఇది వెంటనే అందుతుంది. మాయా లిపిలో బొమ్మ మొత్తం ఒక మాటకి నిలబడొచ్చు, లేదా మన గుణింతంలా అక్షరాలతో కూడా రాయొచ్చు. పకాల్ అంటే డాలు. ఒకచోట డాలు బొమ్మ చెక్కి పకాల్ అని చదవమంటారు. ఇంకోచోట ప, క, ల అని మూడు గుర్తులు కలిపి చెక్కుతారు, చివరి 'ల'లో అచ్చు పలకరు, అది పొల్లు. అక్కకి మ్యూజియంలో ఒక పలక దగ్గర చూపించాను, మూడు గుర్తులూ ఒకే గులకరాయిలాంటి గుండ్రటి చట్రంలో ఇరికించి ఉంటాయి, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసిన కంటికే తెలుస్తుంది. తను వేలితో గాల్లో రాసుకుంటూ "ప... క... ల్" అని పైకే చదివింది. పక్కన స్కూలు పిల్లలు తిరిగి చూశారు.

ఈ లిపి చదవడం వచ్చింది మొన్నమొన్నటి సంగతి. 1562లో మాని అనే ఊళ్ళో దియేగో దె లాందా అనే పాద్రీ మాయా పుస్తకాల్ని కుప్పపోసి తగలబెట్టించాడు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద మిగిలినవి నాలుగు. 1952లో యూరి క్నోరొజొవ్ అనే సోవియట్ పండితుడు, మధ్య అమెరికాలో అడుగు పెట్టకుండానే, ఈ గుర్తుల్లో చాలావాటికి గుణింతం లాంటి విలువలున్నాయని చూపించాడు. 1973లో ఇదే పలెంకే ఊళ్ళో సభ జరిగితే, లిండా షీలీ, పీటర్ మాథ్యూస్, ఫ్లాయిడ్ లాన్స్‌బరీ కలిసి ఇక్కడి రాజుల వరసని ఒక్క మధ్యాహ్నంలో కట్టేశారు. పన్నెండు వందల ఏళ్ళు ఎవరూ పిలవని పేర్లు ఆ పూట పిలిచారు. ఆ వాక్యం రాస్తుంటే నాకిప్పుడూ ఒళ్ళు జలదరిస్తుంది.

సమాధి సంగతి కూడా చెప్పాలి. శాసనాల గుడి పైగదిలో నేల బండకి చిల్లులున్నాయి, వాటికి రాతి బిరడాలు. అల్బెర్తో రూస్ అనే మెక్సికన్ పురావస్తు శాస్త్రవేత్తకి అనుమానం వచ్చి ఆ బండ లేపిస్తే కింద మెట్లు, మెట్ల నిండా రాళ్ళూ మట్టీ. ఆ పూడిక తియ్యడానికే ఏళ్ళు పట్టింది. 1952 జూన్‌లో అడుక్కి చేరితే చెక్కిన మూత ఉన్న పెద్ద రాతి పెట్టె, లోపల పచ్చరాయి ముసుగు వేసుకుని పకాల్. ఇంకోటి, సమాధిలోంచి పైగది దాకా మెట్ల వెంబడే సన్నటి రాతి గొట్టం కట్టారు. పోయినాయనకీ బతికున్నవాళ్ళకీ మధ్య మాట కోసమని పండితులంటారు. ఇప్పుడు పైకెక్కనివ్వరు, సమాధిలోకీ పోనివ్వరు. సరే, మ్యూజియంలో ఆ పెట్టెకి అచ్చు నకలు పెట్టారు, దాన్ని తీరిగ్గా చూడొచ్చు.

మేం వెళ్ళినప్పుడు ఎక్కనిచ్చినవి శిలువ గుంపు గుళ్ళు. శిలువ అన్నది పేరుకే, లోపల పలక మీద శిలువలా కనపడేది నిజానికి చెట్టు. ఇవి పకాల్ కొడుకు కాన్ బహ్‌లామ్ 692లో పూర్తి చేయించాడు. వాటిలో ఒక గుళ్ళో పలక మీద మొక్కజొన్న మొక్క ఉంది, కంకుల బదులు మనిషి తలలు, జుట్టు పీచులా వేలాడుతూ. దేవతలు మనిషిని మొక్కజొన్న పిండితోనే చేశారని మాయా వాళ్ళ నమ్మకం. అక్క ఆ పలక దగ్గర అరగంట కూర్చుంది. పీచు ఏ వైపు పడుతుందో కూడా సరిగ్గా చెక్కారంది.

దిగేటప్పుడు వెనక దారిన రండి, ఓతోలూమ్ వాగు వెంబడి, చిన్న జలపాతాలూ, చెట్ల వేళ్ళు పట్టుకున్న ఇళ్ళ గోడలూ దాటుకుంటూ మ్యూజియం దగ్గర తేలతారు. పలెంకేలో మ్యాపు చేసిన నిర్మాణాలు 1400 పైచిలుకు, మనం చూసేది అందులో పిసరంత. దారి పక్కన గుట్టలా కనపడే ప్రతిదీ ఇల్లో గుడో అయ్యుంటుంది. ఈ ఊరి అసలు పేరు లకమ్‌హా, పెద్ద నీళ్ళు అని అర్థం. వాగుల చప్పుడు వింటూ నడుస్తుంటే ఆ పేరెందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి మేం దిగినచోట వంట చేసే ఆవిడతో మాట కలిసింది. అక్క శాకాహారి, గుడ్డు కూడా తినదు, అందుకని వంటింట్లోకే వెళ్ళి అడగాల్సొచ్చింది. ఆవిడది చోల్ భాష, మాయా భాషల్లో ఒకటి. మొక్కజొన్న గింజల్ని రాత్రి సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి నానేస్తుంది, పొద్దున పొట్టు రుద్ది కడిగి రుబ్బుతుంది. సున్నం అంటే తమలపాకులో వేసుకునేదే. ఆ సున్నం పడకపోతే పిండి ముద్ద కట్టదు, గింజలో ఉన్న బలం కూడా ఒంటికి పట్టదు. నిమ్మకాయంత ముద్ద తీసి రెండు అరచేతుల మధ్య తట్టుకుంటూ తిప్పుతుంది, చప్పట్లు కొట్టినట్టు, చూస్తుండగానే అది పలచటి రొట్టె అయి పెనం మీద పడుతుంది, పొంగుతుంది. దీన్ని మీ భాషలో ఏమంటారు అని అడిగాను. "వాహ్" అంది. మొక్కజొన్న? "ఇషిమ్". నీళ్ళు? "హా".

శాసనాల్లో ఉన్న మాటలవి. ఇషిమ్, వాహ్, హా. లకమ్‌హాలో హా అదే. అప్పట్లో వాహ్ అంటే ఎక్కువగా ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన కుడుము, ఇప్పుడు రొట్టె, అంతే తేడా. మాయా వాళ్ళు మాయమైపోయారని ఏ డాక్యుమెంటరీ పెట్టినా చెప్తారే, ఆ మాయమైనావిడ మా అక్క పళ్ళెంలో వేడి రొట్టె వేస్తోంది. నా నోట్‌బుక్‌లో మొదటి పేజీలో ఈ మూడు మాటలూ రాసుకున్నాను.

మూడో రోజు: బోనాంపాక్

పొద్దున ఆరింటికి ఊళ్ళో వ్యాన్ల స్టాండుకి వెళ్ళి సరిహద్దు వైపు పోయే కొలెక్తీవో ఎక్కాం. బండి నిండితేనే కదులుతుంది. మాతో పాటు కోడిపిల్లల పెట్టె, గ్యాస్ బండ, ఇద్దరు టీచర్లు. దారిలో చెక్‌పోస్టుల దగ్గర పాస్‌పోర్టు చూపించాలి, చేతికందేలా ఉంచుకోండి. గోడల మీద రంగు బొమ్మలున్న మాయా గుడి బోనాంపాక్, దానికి పోయే మలుపులో దిగాం. అక్కణ్ణించి లోపలికి లకాందోన్ అనే మాయా తెగ వాళ్ళ వ్యాన్లు మాత్రమే వెళ్ళాలి. వాళ్ళ అడవి, వాళ్ళ రూలు. కొంతమంది యాత్రికులు అదనపు డబ్బులని గొణుగుతుంటారు గానీ నాకైతే అది న్యాయమే అనిపించింది.

లకాందోన్ వాళ్ళు చాలా తక్కువ మంది. తెల్లటి పొడుగు అంగీ, భుజాల దాకా జుట్టు. తమని తాము హాచ్ వినిక్ అని పిలుచుకుంటారు, అసలు మనుషులు అని అర్థం. 1946లో గైల్స్ హీలీ అనే అమెరికన్‌ని ఈ గుడికి తీసుకొచ్చి చూపించింది వీళ్ళే. పుస్తకాల్లో మాత్రం ఆయన కనుక్కున్నాడని రాస్తారు.

గుడి చిన్నది. మూడు గదులు, మూడింటికీ వేరే వేరే తలుపులు, లోపల ఒకేసారి ముగ్గురు నలుగురికి మించి పంపరు, ఫ్లాష్ కొట్టనివ్వరు. తల వంచి లోపలికెళ్ళి కళ్ళు చీకటికి అలవాటు పడే దాకా ఆగాలి. తర్వాత గోడలు మెల్లగా పైకి తేలతాయి. మొదటి గదిలో ఊరేగింపు, బాకాలు ఊదేవాళ్ళు, గిలకలు ఆడించేవాళ్ళు, పీత వేషం వేసినవాడు. మధ్య గదిలో యుద్ధం. ఆ గది తలుపు పైన బందీలున్నారు, మెట్ల మీద కూలబడ్డారు, వాళ్ళ వేళ్ళ చివర్ల నుంచి నెత్తురు కారుతోంది. ఒకడు చెయ్యి పైకెత్తి తన వేళ్ళనే చూసుకుంటున్నాడు. 790 ప్రాంతంలో వేసిన బొమ్మ అది. ఆ మొహం చూశాక నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను, మాట్లాడబుద్ధి కాలేదు.

వెనక పరిచిన నీలం రంగు ఉంది చూశారూ, దానికి మాయా నీలం అని పేరే ఉంది. నీలిమందు ఆకు రంగునీ, ఒక రకం తెల్ల బంకమట్టినీ కలిపి వేడి చేస్తే వస్తుంది, ఎండకీ తడికీ పోదు. అక్క నీలిమందు అనగానే ఎగిరి గంతేసింది. ఒక బాధాకరమైన సంగతి: 1940ల్లో బొమ్మలు కాపీ చేసుకోవడానికి వచ్చినవాళ్ళు రంగులు స్పష్టంగా కనపడాలని గోడల మీద కిరసనాయిలు పూశారు.

రాత్రి లకాన్‌హా ఊళ్ళో ఒక లకాందోన్ కుటుంబం గదుల్లో పడుకున్నాం. దోమతెర ఉంది, కరెంటు లేదు, పక్కనే వాగు. ఇంటాయన్ని అడిగాను. రొట్టె వాహ్, నీళ్ళు హా. చోల్ వేరు, వీళ్ళ భాష వేరు, అయినా ఆ రెండు మాటలూ అవే.

నాలుగో రోజు: యాష్‌చిలాన్

ఈ యాత్రలో ఒక్కరోజే మళ్ళీ ఇస్తామంటే నేను ఈ రోజు తీసుకుంటాను.

ఫ్రొంతేరా కొరొసాల్ అనేది నది ఒడ్డున చోల్ వాళ్ళ ఊరు. అవతలి ఒడ్డు గ్వాటెమాలా. యాష్‌చిలాన్ అనే పాత మాయా నగరానికి రోడ్డు లేదు, పడవలోనే వెళ్ళాలి, దాన్ని లాంచా అంటారు, పొడుగ్గా సన్నగా ఉండి పైన ఆకుల కప్పు ఉంటుంది. ధర మనిషికి కాదు, పడవకి. ఇద్దరమే వెళ్తే బాగా పడుతుంది, అందుకని రేవులో కూర్చుని ఇంకెవరైనా వస్తారేమోనని ఎదురు చూడాలి. గంటసేపు కూర్చుంటే ఒక ఇటాలియన్ జంట, తర్వాత మెక్సికో సిటీ నుంచి ముగ్గురు విద్యార్థులు వచ్చారు. ఏడుగురం పంచుకున్నాం. పోయేటప్పుడు వాలుకి నలభై నిమిషాలు, వచ్చేటప్పుడు ఎదురీత కాబట్టి గంట.

ఒడ్డున ఇసుక మీద మొసలి నోరు తెరుచుకుని పడుకుంది. పడవ నడిపేవాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో, చోల్ కుర్రాడు, మాట్లాడితే సిగ్గు.

దిగి కాసేపు అడవిలో నడిస్తే ఒక రాతి భవనం అడ్డం వస్తుంది, ఊళ్ళోకి దారి దాని లోపల నుంచే. టార్చి తప్పనిసరి. లోపల చిమ్మచీకటి, మలుపులు, తల మీద గబ్బిలాలు. మెట్లు దిగి పక్కకి తిరిగితే ఒక్కసారి వెలుతురు, పచ్చటి మైదానం, దాని చుట్టూ గుళ్ళు. అలా రావాలనే కట్టారు వాళ్ళు. పదమూడు వందల ఏళ్ళ తర్వాత కూడా అది పని చేస్తోంది.

ఇక్కడి బొమ్మలు చాలావరకు తలుపుల పైన అడ్డబండల అడుగున ఉంటాయి, గుమ్మంలో నిలబడి మెడ పూర్తిగా వెనక్కి వాల్చి చూడాలి. సాయంత్రానికి మెడలు పట్టేశాయి ఇద్దరికీ. అన్నిటికన్నా గొప్ప బండలు మాత్రం ఇక్కడ లేవు. 23వ నంబరు కట్టడం కబల్ షోక్ అనే రాణిది. ఆమె ముళ్ళు గుచ్చిన తాడుని నాలుకలోంచి లాగుతుంటే, పక్కన రాజు దివిటీ పట్టుకుని నిలబడ్డ బండ ఒకటుంది, 709 నాటి సంగతి చెక్కింది. 1880ల్లో ఆల్ఫ్రెడ్ మాడ్‌స్లే కోయించి లండన్ పంపాడు. బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అమరావతి స్తూపం పలకలు ఉన్న మ్యూజియమే. కృష్ణ ఒడ్డునుంచి పోయిన రాళ్ళూ, ఉసుమసింతా ఒడ్డునుంచి పోయిన రాళ్ళూ ఒకే కప్పు కింద. ఖాళీ గుమ్మం కింద నిలబడి పైకి చూస్తే నాకు అమరావతి మ్యూజియంలో ప్లాస్టర్ నకళ్ళు గుర్తొచ్చి కడుపులో తిప్పినట్టయింది.

ఆ కట్టడం శాసనంలో ఒక మాట ఉంది, యొతోత్. ఒతోత్ అంటే ఇల్లు, ముందు 'య' చేరిస్తే ఆమె ఇల్లు. తిరిగొచ్చేటప్పుడు పడవ కుర్రాణ్ణి అడిగాను, మీ భాషలో ఇంటినేమంటారు బాబూ అని. "ఒత్యొత్" అన్నాడు. మరి ఆమె ఇల్లు? "యొత్యొత్". నేను నోట్‌బుక్ తీసి 23వ కట్టడంలో ఇదే రాసుందని చెప్పాను. వాడు ఇంజను స్పీడు తగ్గించాడు. "నిజంగా రాళ్ళ మీద మా మాటలేనా?" అన్నాడు. వారానికి మూడు నాలుగు సార్లు జనాన్ని తీసుకొస్తాడట, ఎవరూ చెప్పలేదట. రేవు వచ్చేదాకా నాకు గుర్తున్న మాటలన్నీ చెప్పించుకున్నాడు. సూర్యుడు కిన్. మన చిరుతలాంటి జాగ్వార్‌ని నేను బహ్‌లామ్ అంటే, వాడు బహ్‌లుమ్ అని సరిదిద్దాడు.

ఎగువన 33వ కట్టడం గురించి ఒక్క మాట. లోపల రాజు విగ్రహం ఉంది, తల వేరుగా మొండెం వేరుగా. ఆ తల మళ్ళీ మొండెం మీదికి చేరిన రోజు లోకం అంతమవుతుందని లకాందోన్ వాళ్ళ నమ్మకం.

ఇది చదివి వెళ్దామనుకునేవాళ్ళకి: 2023, 2024ల్లో సరిహద్దు ప్రాంతంలో ముఠాల గొడవలు ముదిరి యాష్‌చిలాన్, బోనాంపాక్ కొంతకాలం మూసేశారు. బయల్దేరే ముందు పలెంకేలో తప్పకుండా కనుక్కోండి.

అయిదో రోజు: నది దాటడం

పలెంకేలో ఒక ట్రావెల్ ఏజెంటు, నది దాటాక మీకేమీ దొరకదు అని టెన్షన్ పెట్టి, అవతలి ఒడ్డు నుంచి తికాల్ దగ్గరున్న ఫ్లోరెస్ ఊరి దాకా వ్యాన్‌కి ముందే డబ్బులు కట్టించుకున్నాడు. చేతిలో ఒక చీటీ పెట్టాడు. ముందు ఫ్రొంతేరాలో మెక్సికో ఎగ్జిట్ ముద్ర వేయించుకుని, పడవలో పది నిమిషాల్లో లా తెక్నికా అనే రేవులో దిగాం. వ్యాన్ లేదు. రెండు గంటలు ఎండలో కూర్చున్నాం. చీటీలో ఉన్న నంబరు మోగలేదు. అక్క బీపీ మాత్ర వేసుకునే టైము దాటిపోతోంది, నీళ్ళు వేడెక్కిపోయాయి, నాకు లోపల గాభరా. రేవులో కొట్టు పెట్టుకున్నావిడ చూసి చూసి, రెండు కొబ్బరిబోండాలు కొట్టి తెచ్చి అక్క చేతిలో పెట్టి, పన్నెండింటికి మామూలు బస్సొస్తుంది దాంట్లో పొమ్మంది. డబ్బు ఇవ్వబోతే బోండాలకి తీసుకోలేదు.

ఆ బస్సు వచ్చింది, ఎక్కాం, మళ్ళీ డబ్బు కట్టాం. కాబట్టి ఎక్కడి టికెట్ అక్కడే కొనుక్కోండి, మొత్తం దారికి కలిపి ఎవరికీ కట్టొద్దు. బేతెల్ అనే ఊళ్ళో బస్సు ఆపి గ్వాటెమాలా ముద్ర వేయించుకోనిస్తారు. వీసా సంగతి మాత్రం ఇంట్లో ఉన్నప్పుడే ఎంబసీలో కనుక్కుని కదలండి, నది ఒడ్డున చేసేదేమీ ఉండదు.

మట్టి రోడ్డు మీద గంటల తరబడి ప్రయాణం. అడవి ఉంటుందనుకున్నాను. లేదు. కాల్చిన మొద్దులు, పచ్చిక, ఆవులు, మళ్ళీ కాల్చిన మొద్దులు. పశువుల మేతకోసం అడవి కొట్టేస్తున్నారు. అక్క కిటికీలోంచి చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చీకటి పడేసరికి ఫ్లోరెస్ చేరాం.

ఆరో రోజు: ఫ్లోరెస్, తికాల్

ఫ్లోరెస్ ఒక పెద్ద సరస్సు మధ్య చిన్న దీవి, అరగంటలో చుట్టి రావొచ్చు. రంగురంగుల ఇళ్ళు, కాఫీ షాపులు. ఇక్కడే నోహ్‌పెతెన్ అనే నగరం ఉండేది, స్పెయిన్ వాళ్ళకి లొంగని చివరి మాయా రాజ్యం. 1697లో పడిపోయింది. అంటే గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కిన పదేళ్ళకి. అప్పటిదాకా ఇక్కడ మాయా రాజు ఉన్నాడు.

మధ్యాహ్నం వ్యాన్‌లో తికాల్, గంటన్నర. రాత్రి పార్కు లోపలే ఉండేలా గది తీసుకున్నాం, ఖరీదెక్కువే గానీ సాయంత్రం జనం పోయాక, పొద్దున జనం రాకముందు మీరు లోపల ఉంటారు. గదిలో కరెంటు కొన్ని గంటలే.

దారి మొదట్లోనే ఒక పెద్ద సీబా చెట్టు, గ్వాటెమాలా జాతీయ వృక్షం. అక్క దాని పాదు దగ్గరకెళ్ళి "ఇది మన తెల్లబూరుగే కదరా!" అంది. బూరుగు దూది దిండ్ల మీద పడుకుని పెరిగినవాళ్ళం, ఆ చెట్టు ఇంత ఎత్తు పెరుగుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. మాయా వాళ్ళకిది లోకం నడిమధ్య నిలబడే చెట్టు, వేళ్ళు పాతాళంలో, కొమ్మలు ఆకాశంలో.

ఇంకాస్త లోపల మరో చెట్టు. బెరడు మీద ఏటవాలు గాట్లు, కింద నుంచి పైదాకా, మానిపోయి నల్లటి పెదవుల్లా ఉన్నాయి. సపోటా. మన పెరట్లో ఉండే సపోటాకి సొంత ఊరు ఈ అడవులే. ఆ గాట్లు పాలు తీసిన గుర్తులు, ఆ పాలతోనే చూయింగ్ గమ్ చేసేవాళ్ళు, పాల కోసం అడవిలో తిరిగినవాళ్ళకే ఎన్నో శిథిలాలు మొదట కంటపడ్డాయి. అక్క ఒక గాటులో వేలు పెట్టి చివరిదాకా నిమిరింది. తికాల్ గుళ్ళ తలుపుల మీద దూలాలు ఈ చెక్కవే, చెదపట్టదు, పన్నెండు పదమూడు వందల ఏళ్ళు నిలబడింది. నాలుగో గుడి దూలాల మీద చెక్కిన బొమ్మలు మాత్రం ఇప్పుడు స్విట్జర్లాండ్‌లో బేసల్ మ్యూజియంలో ఉన్నాయి.

సాయంత్రం పెద్ద చౌకులో ఎదురెదురుగా ఒకటో గుడి, రెండో గుడి. ఒకటోది 47 మీటర్లు, హసావ్ చాన్ కావీల్ అనే రాజుది. ఆయన 682లో గద్దెనెక్కేటప్పటికి తికాల్ వందేళ్ళకి పైగా దెబ్బలు తిని ఉంది. 695లో శత్రు నగరం కలక్‌ముల్‌ని ఓడించి ఊరిని మళ్ళీ నిలబెట్టాడు. 1962లో గుడి అడుగున ఆయన సమాధి బయటపడింది. ఆ గుడి ఎక్కనివ్వరు, రెండోదానికి చెక్క మెట్లున్నాయి. ఎక్కి కూర్చున్నాం. వెలుతురు ఒకటో గుడి శిఖరం మీద నుంచి జారిపోయేదాకా.

ఏడో రోజు

తెల్లవారకముందు వెళ్ళాలంటే వేరే టికెట్, గైడు ఉండాలి. నాలుగింటికి టార్చి వెలుగులో నడక, నాలుగో గుడి పైకి చెక్క మెట్లు, దాదాపు 65 మీటర్ల ఎత్తు. సూర్యోదయం కనపడుతుందని వెళ్ళకండి. ఎక్కువ రోజులు మంచే ఉంటుంది, మాకూ మంచే. తెల్లటి చీకటిలో కూర్చుని వినడమే. ముందు దూరంగా ఒక సరవాతో, దానికి జవాబుగా ఇంకొకటి, తర్వాత పక్షులు ఒక్కో జాతి ఒక్కోసారి అందుకుంటాయి. ఏడింటికి మంచు చిరిగి ఒకటో గుడి, రెండో గుడి తలలు మాత్రం చెట్ల మీద తేలాయి. విమానం నుంచి లేజర్ కిరణాలతో ఈ పెతెన్ అడవిలో 2100 చదరపు కిలోమీటర్లు కొలిస్తే 60,000 పైచిలుకు కట్టడాలు తేలాయని 2018లో ప్రకటించారు. కంటికి మాత్రం ఆకులే.

దిగాక నేను చూడాలనుకున్నవి గుళ్ళు కాదు, చెరువులు. తికాల్‌కి నది లేదు. అందుకని చౌకులన్నిటికీ సున్నపు గచ్చు చేసి వాలు పెట్టి, వాన నీళ్ళన్నీ చెరువుల్లోకి మళ్ళించారు. ఒక చెరువులో నీళ్ళు వడకట్టడానికి జియోలైట్ అనే ఖనిజాన్ని దూరం నుంచి తెచ్చి వాడారని 2020లో తేల్చారు. మాది వరంగల్ వైపు, కాకతీయుల చెరువుల నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, పూడిపోయిన ఆ గుంటల కట్టల మీద నడుస్తుంటే కాళ్ళకి తెలిసిన చోటులాగే ఉంది. తొమ్మిదో శతాబ్దంలో కరువులు వరసగా వచ్చాయి, యుద్ధాలు తోడయ్యాయి. తికాల్‌లో చివరి శాసనం 869 నాటిది. రాజులు పోయారు, రాయించడం ఆగింది. జనం నీళ్ళున్న చోటికి కదిలారు, ఫ్లోరెస్ దీవికీ, ఉత్తరాన యూకాతాన్‌కీ, దక్షిణాన కొండలకీ.

వ్యాన్‌కి ఇంకా నలభై నిమిషాలుంది. గేటు దగ్గర చిన్న హోటల్లో కూర్చున్నాం. బీన్స్, అన్నం, రొట్టెలు, అక్క కోసం ముందే చెప్పి మాంసం తగలకుండా చేయించాను. వడ్డించే అమ్మాయి కెక్చీ, అది ఇంకో మాయా భాష, చోల్‌కి బాగా దూరం. ఈసారి నేను అడగలేదు, అక్కే రొట్టె పైకెత్తి చూపించి, ఏడు రోజుల్లో నేర్చుకున్న స్పానిష్‌లో, మీరేమంటారమ్మా దీన్ని అంది.

"వా."

నీళ్ళ గ్లాసు చూపించింది.

"హా."

అక్క నా నోట్‌బుక్ లాక్కుని మొదటి పేజీలో, నా రాత పక్కనే, తన చేత్తో రాసుకుంది. ఇంతలో వ్యాన్ హారన్ కొట్టాడు.